పలక మీద పది నలభై

మారెడ్ వంటింటి తొట్టిలో గాగుల్స్ కడుగుతోంది. మొత్తం ముప్ఫయ్యారు జతలు. గోరువెచ్చని సబ్బునీళ్ళలో ఒక్కొక్కటీ ముంచి, రబ్బరు అంచుల్లో ఇరుక్కున్న బురదను వేలికొసతో తీసి, మంచినీళ్ళలో జాడించి, పాత దుప్పటి ముక్క మీద బోర్లిస్తోంది. గీతలు పడ్డవాటిని విడిగా పెడుతోంది. గీత పడ్డ అద్దం దెబ్బకు ఆగదని చిన్నప్పుడు వాళ్ళ నాన్నే నేర్పాడు. శనివారం మధ్యాహ్నం అయిందంటే ఈ పనే. ఆదివారం పొద్దున్నే ఆట ఉంటుంది.

ఆమె వెనకాల బల్ల దగ్గర నాన్న గ్విలిమ్ కూర్చుని ఉన్నాడు. కంటి ఆసుపత్రి నుంచి వచ్చిన ఉత్తరాన్ని వెన్న రాసుకునే కత్తితో చింపాడు. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు, తీసేసి ఇంకోసారి చదివాడు.

ఏమన్నారని ఆమె అడిగింది. బాగానే ఉన్నాయట అన్నాడు. మంచిదేగా నాన్నా అంది మారెడ్. ఆయన తలెత్తి గోడ గడియారం చూశాడు, చేతి గడియారం చూసుకున్నాడు, మళ్ళీ గోడ గడియారం చూశాడు. ఏడాదిగా ఆయనకు అదొక అలవాటైపోయింది.

"పొర లేదట. నరం బాగుందట. ఈ వయసులో ఇంత మంచి చూపు అరుదట," అన్నాడు. "పోయిన నెల మెదడు డాక్టరు కూడా ఇదే మాట. మతిమరుపు లేదు, ఏమీ లేదు, ఇంటికెళ్ళి సుఖంగా ఉండు పెద్దాయనా అన్నాడు."

"మరింకేం?"

"మరింకేం అంటే, నేను ఆరోజు చూళ్ళేదన్నమాట. అంతే కదా అమ్మాయీ. కళ్ళు బాగున్నాయి, బుర్ర బాగుంది. నేనే సరిగ్గా చూళ్ళేదు."

మారెడ్ చేతులు నీళ్ళలో ఆగిపోయాయి. ఆ మాట ఇలా వస్తుందని ఆమె అనుకోలేదు. కళ్ళలో ఏదో జబ్బు తేలుతుందని ఆయన ఆశపడ్డాడని, ఆ ఆశతోనే రెండు బస్సులు మారి అంత దూరం వెళ్ళి పరీక్ష చేయించుకున్నాడని ఆమెకు అప్పుడు తెలిసింది.

"శుక్రవారం కలిసినప్పుడు ఓవైన్ అడుగుతాడు," అన్నాడాయన. "ప్రతివారం అడుగుతాడు, డాక్టరేమన్నాడు బాబాయ్ అని. ఏమని చెప్పను వాడికి? కళ్ళు బాగానే ఉన్నాయిరా, చూసే ఓపిక లేక చూళ్ళేదురా అని చెప్పనా?"

* * *

నాంత్ కొచ్ కొండ మీద ఉన్న దేవదారు తోటను మారెడ్ తాత కలప కోసం వేశాడు. కలపకు ధర పడిపోయాక గ్విలిమ్ దాన్ని ఆటస్థలంగా మార్చాడు. ఆదివారాల్లో టౌన్ల నుంచి అరవై, డెబ్బై మంది వస్తారు. సైనికుల్లా దుస్తులు వేసుకుని, ప్లాస్టిక్ గుళ్ళు కొట్టే తుపాకులతో రెండు జట్లుగా యుద్ధం ఆడతారు. కిటికీల్లేని గుడిసెలు, కందకాలు, ఇసుక బస్తాల గోడలు, అన్నీ గ్విలిమ్ చేతులతో కట్టినవే. ఆటలో పొగ గొట్టాలుంటాయి, బాంబులుంటాయి. బాంబంటే అరచేయంత అట్ట గొట్టం. పైనున్న మూతను అగ్గిపుల్ల గీసినట్టు గీసి, ఐదు అంకెలు లెక్కపెట్టేలోగా నేల మీద దొర్లించాలి. మోత బ్రహ్మాండంగా ఉంటుంది. దొర్లించాక మనిషికి తగలదు. చేతిలో ఉంటే మాత్రం చెయ్యి మిగలదు.

పేలిన వాటితో ఎవరికీ భయం లేదు. భయమంతా గీసినా పేలకుండా చీదిన వాటితోనే. వత్తి లోపలెక్కడో నెమ్మదిగా కాలుతూ ఉండొచ్చు, చచ్చిపోయీ ఉండొచ్చు. బయటినుంచి చూసి చెప్పలేం. అందుకే నాంత్ కొచ్‌లో ఒక పద్ధతి ఉండేది. బాంబు చీదగానే దగ్గరున్న మార్షల్, అంటే ఆట మీద కన్నేసి ఉంచే మనిషి, ఈల ఊది, అక్కడ ఎర్ర జెండా పాతి, వాకీటాకీలో తోట అంచున ఉన్న షెడ్డుకు చెప్పాలి. షెడ్డులో ఉన్నవాళ్ళు ఆ టైమును పలక మీద రాయాలి. అరగంట దాటిందని షెడ్డు నుంచి మాట వచ్చేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. తర్వాత కూడా ఎవరు పడితే వాళ్ళు ముట్టుకోకూడదు. ఆ పని ఓవైన్‌ది. చేతికి తోలు తొడుగు వేసుకుని, దాన్ని తీసి నీళ్ళ బకెట్టులో వేసేవాడు.

ఓవైన్‌కు అప్పుడు ఇరవై ఆరేళ్ళు. వారమంతా గొర్రెల బొచ్చు కత్తిరించే పని. ఆ లోయలో అతనంత వేగంగా కత్తిరించేవాడు లేడని చెప్పుకునేవాళ్ళు. ఆదివారాలు సరదాకి మార్షల్‌గా వచ్చేవాడు.

పోయిన ఏడాది మార్చి చివరి ఆదివారం. వేసవి వెలుతురు కోసం దేశమంతా ఏటా గడియారాలను గంట ముందుకు తిప్పుకునే రోజు. ముందురోజు సాయంత్రం మారెడ్ ఇంట్లోవన్నీ తిప్పింది. వంటింటిది, మెట్ల దగ్గరది, నాన్న మంచం పక్కది. షెడ్డులోది మర్చిపోయింది.

ఆ పొద్దున ఆమె షెడ్డులో రొట్టెల్లో వేయించిన మాంసం పెడుతోంది. వాకీటాకీలో ఉత్తరం వైపు మార్షల్ చీదిందని చెప్పింది. మారెడ్ చేతులకు నూనె ఉంది. తలెత్తి గోడ గడియారం చూసి, సుద్దముక్క పట్టుకుని 10:40 అని రాసింది. సుద్దలో ఏదో రాతి పలుకు ఉన్నట్టుంది, ఒకటి గీసి సున్నా చుట్టేటప్పుడు కీచుమంది. తర్వాత కెటిల్ పట్టుకుని బయట పంపు దగ్గరకు పోయింది. అసలు టైము పదకొండూ నలభై.

గ్విలిమ్ టౌనుకు వెళ్ళి గ్యాసుబండ తీసుకుని అప్పుడే వచ్చాడు. షెడ్డులో ఎవరూ లేరు. వాకీటాకీలో ఓవైన్ అడుగుతున్నాడు. తోట అవతలి వైపు నుంచి ఇప్పుడే వచ్చానని, ఇక్కడ జెండా ఉందని, టైము అయిందా అని. గ్విలిమ్ పలక చూశాడు. పది నలభై. చేతి గడియారం చూసుకున్నాడు. పదకొండూ నలభయ్యారు.

"గంట దాటిందిరా. తీసేసి రా, రొట్టెలు చల్లారిపోతున్నాయి," అన్నాడు.

మారెడ్ పంపు దగ్గర ఉండగా మోత వినపడింది. ఆటలో మోతలు మామూలే కాబట్టి కెటిల్ నింపుతూనే ఉంది. ఈల వినపడింది. ఈలలు ఆగలేదు. ఆమె షెడ్డులోకి వచ్చేసరికి పరుగెత్తుతున్న నాన్న వీపు కనపడింది. ఆమె పలకను చూసింది, గడియారాన్ని చూసింది, జేబులోని ఫోన్ చూసింది. అంతా ఒక్కసారే అర్థమైంది.

స్వెట్టరు మోచేత్తో పలక తుడిచేసింది. బెంచీ ఎక్కి గడియారం ముల్లును గంట ముందుకు తిప్పింది. ఆ రెండు పనులూ చేసింది తన చేతులేనని ఆమెకు ఇప్పటికీ ఒక్కోసారి నమ్మకం కలగదు.

ఓవైన్ కుడిచేతి మూడు వేళ్ళు పోయాయి. ఒక చెవి వినపడదు. సాయంత్రం విచారణకు వచ్చిన అధికారి ముందు గ్విలిమ్ ఏదీ దాచలేదు. తీసేయమన్నది నేనే, పలక మీద పది నలభై అని ఉంటే గంట దాటిందనుకున్నాను అని చెప్పాడు. అధికారి మారెడ్ వైపు తిరిగి, ఎంతని రాశావమ్మా అని అడిగాడు.

"పదకొండూ నలభై," అంది మారెడ్.

గ్విలిమ్ ఆమెను చూశాడు. ఆ చూపులో అనుమానం లేదు. కాసేపు ఆలోచించి, తలూపి, "అయితే నేనే తప్పు చదివుంటాను," అన్నాడు.

* * *

ఈ ఏడు శనివారం సాయంత్రం గడియారాలను గ్విలిమే తిప్పాడు. షెడ్డులోది తిప్పడానికి కొండ మీదకు రెండుసార్లు వెళ్ళొచ్చాడు. రెండోసారి ఎందుకని మారెడ్ అడగలేదు.

ఆదివారం మంచు సన్నగా కురుస్తోంది. దేవదార్ల మధ్య పొగబాంబు పేల్చినట్టు తెల్లగా ఉంది. ఆటకు ముందు జాగ్రత్తలు చెప్పడం గ్విలిమ్ మానేశాక ఆ పని మారెడ్‌ది. బాంబులుంచే ఇనప పెట్టె తాళం కూడా ఆమె దగ్గరే. ఆమె గొంతు చిన్నది. డెబ్బై మంది ముందు నిలబడి మాట్లాడటం ఆమెకు ఇప్పటికీ కష్టమే. అయినా ఒక్క మాట వదలకుండా చెబుతుంది. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళు బాంబు ముట్టుకోకూడదు. పైకి విసరకూడదు, నేల మీద దొర్లించాలి. గుడిసెలో మనుషులున్నారేమో చూడకుండా లోపలికి దొర్లించకూడదు. రెండు కలిపి టేపు చుట్టకూడదు. ఇంట్లో చేసినవి తెస్తే అప్పుడే ఇంటికి పంపిస్తాం. ఎండాకాలం గడ్డి ఎండితే పొగ గొట్టాలు ఉండవు. పేలాక గొట్టం వెతికి తెచ్చి బకెట్టులో వెయ్యాలి. చీదితే గంటసేపు దాని దగ్గరకు ఎవ్వరూ పోకూడదు. ఇదివరకు అరగంట ఉండేది, ఇప్పుడు గంట. ఇప్పుడు చేత్తో తియ్యడం కూడా లేదు.

కొత్తగా వచ్చిన ఒక జట్టులో డెక్లన్ అనే కుర్రాడు వెనక నుంచి, గంటంటే మా ఆవిడ కూడా అంతసేపు అలగదు అన్నాడు. నీకు ఆవిడెక్కడ ఏడ్చిందిరా అని పక్కవాడు అన్నాడు. అందరూ నవ్వారు. మారెడ్ కూడా కొద్దిగా నవ్వి, చీదితే గంట అని మళ్ళీ చెప్పింది.

ఆట మొదలయ్యాక ఆమె ఉత్తరం వైపు నిలబడింది. ఎవరైనా బాంబు గీసి దొర్లిస్తే ఆమె లోపల లెక్క మొదలవుతుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. మోత వినపడ్డాక ఊపిరి వదులుతుంది. ఈ లెక్క తోటలోనే ఆగితే బాగుండేది. గాలికి తలుపు కదిలినా, పొయ్యి మీద కెటిల్ కూత ఆలస్యమైనా, నాన్న మెట్లు దిగుతూ మధ్యలో ఆగినా ఆమె లెక్కపెడుతుంది. ఎక్కడో ఏదో గీసేశారు, ఇంకా పేలలేదు అన్నట్టుంటుంది.

డెక్లన్ కందకంలోకి ఒకటి దొర్లించాడు. ఐదు అయింది. ఆరు, ఏడు. పదిదాకా లెక్కపెట్టి మారెడ్ ఈల ఊదింది.

"చచ్చిందిలే అక్కా, నేను తెచ్చేస్తా," అంటూ అతను అడుగు వేశాడు.

"ఆగు."

"నాదేగా. ఇలాంటివి ఎన్ని చూళ్ళేదు నేను."

మారెడ్ వెళ్ళి అతనికీ కందకానికీ మధ్య నిలబడింది. అతనికంటే ఆమె తలంత పొట్టి. అతను ఆమె ముఖం చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమె జెండా పాతి వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుంది.

"నాన్నా, చీదింది. రాయి."

షెడ్డులో ఇప్పుడు రాసేది గ్విలిమే. "పదకొండూ పది," అన్నాడాయన. ఒక నిమిషానికి మళ్ళీ అన్నాడు, "పదకొండూ పది. మారెడ్, పదకొండూ పదేనా?" మళ్ళీ కాసేపటికి, "నీ ఫోన్లో చూసి చెప్పమ్మా. పదకొండేనా, పదా?"

చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినపడింది. తాతకి గడియారం చూడ్డం ఇంకా నేర్పలేదా అని ఎవరో అన్నారు. మారెడ్ ఫోన్ తీసి చూసి, పదకొండూ పదే నాన్నా, సరిగ్గానే రాశావు అంది.

ఆ భాగంలో ఆట ఆపేసి అందరినీ కిందికి పంపించి, ఆమె ఒక్కతే గంటసేపు దూరంగా చెట్టు వెనక నిలబడింది. కందకంలో ఏ చప్పుడూ లేదు. పోయిన ఏడాది ఓవైన్ మోకాళ్ళ మీద కూలబడిన చోటు అక్కడికి ఇరవై అడుగుల్లోనే ఉంది. అక్కడ నాచు మళ్ళీ పచ్చగా పెరిగింది. ఆమె అటు చూడకుండా ఉండటానికి ప్రయత్నించింది. చూడకపోయినా అతను అక్కడ ఉన్నట్టే ఉంది. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, టైము అయిందా మారెడ్ అని అడుగుతున్నట్టే ఉంది.

పన్నెండూ పదికి షెడ్డు నుంచి మాట వచ్చింది. ఆమె ముఖానికి తొడుగు వేసుకుని, దూరం నుంచి బకెట్టు నీళ్ళు కుమ్మరించి, పొడవాటి పట్టకారుతో గొట్టం తీసి ఇంకో బకెట్టులో ముంచింది. ఏమీ కాలేదు. కింద డెక్లన్, చచ్చిందని నేను ముందే చెప్పానుగా అక్కా అన్నాడు. అవును చెప్పావు అంది.

షెడ్డులోకి వెళ్ళేసరికి గ్విలిమ్ పలక ముందు నిలబడి ఉన్నాడు. అది తాత పలకరాతి గనిలోంచి మోసుకొచ్చిన పలక. కొత్తది కొందామని మారెడ్ రెండుసార్లు అంది, బాగానే ఉందిగా అని ఆయన వద్దన్నాడు. మంచుకు పలక చెమ్మగిల్లింది. ఆయన రాసిన 11:10 కిందుగా, నల్లటి రాతి మీద ఇంకా నల్లగా, సన్నటి గీత ఒకటి తేలింది. గుండ్రటి గీత. పక్కన నిలువు గీత. ఆ గీతను మారెడ్ ఏడాదిలో ఎన్నిసార్లు తోమిందో లెక్కలేదు. ఎండితే కనపడదు. చెమ్మ తగిలితే పైకి వస్తుంది.

"మళ్ళీ అదే కనపడుతోంది అమ్మాయీ," అన్నాడు గ్విలిమ్ చాలా నెమ్మదిగా. "పది. నాకు పదే కనపడుతోంది. ఎవరితోనూ అనకు." కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, పలక వైపు చూడకుండా కప్పులు కడగడానికి వెళ్ళిపోయాడు.

* * *

నాలుగింటికి అందరూ వెళ్ళిపోయారు. ఇంట్లో ఇద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు. గడియారం గంట ముందుకు జరిగినందువల్ల బయట ఇంకా చాలా వెలుతురుంది. ఉల్లికాడల సూపు మీద ఆవిరి లేస్తోంది. కంటి ఆసుపత్రి ఉత్తరం ఉప్పు డబ్బా కింద అలాగే ఉంది.

గ్విలిమ్ తోట అమ్మేద్దామనుకుంటున్నానని చెప్పాడు. కలప కంపెనీవాళ్ళు పోయినవారం మళ్ళీ ఫోన్ చేశారట. గీతలు చూసి అంకెలనుకునే మనిషి చేతికి బాంబులు, జనం ఉండకూడదన్నాడు. రేపు మెదడు డాక్టరుకు మళ్ళీ ఫోన్ చేస్తాడట. మొదటిసారి సరిగ్గా చూసి ఉండరు, ఇంకోసారి చూడమని అడుగుతాడట. ఈమాట చెబుతున్నప్పుడు ఆయన గొంతులో కొంచెం ఊరట ఉంది. అది విని మారెడ్ చెంచా కింద పెట్టింది.

"నాన్నా, నువ్వు సరిగ్గానే చూశావు."

"దేన్ని?"

"పలకని. ఇవాళా సరిగ్గానే చూశావు, ఆరోజూ సరిగ్గానే చూశావు. నేను పది నలభై అనే రాశాను."

ఆయన చెంచా గిన్నెకూ నోటికీ మధ్య ఆగింది. మారెడ్ ఆగలేదు. ఆగితే మళ్ళీ ఇంకో ఏడాది పడుతుందని ఆమెకు తెలుసు. షెడ్డు గడియారం తిప్పడం మర్చిపోయానని చెప్పింది. మోచేత్తో పలక తుడిచానని, బెంచీ ఎక్కి ముల్లు తిప్పానని చెప్పింది. ఆ స్వెట్టరును ఆ రాత్రే ఉతికి అటక మీద పెట్టానని చెప్పింది. అధికారి అడిగినప్పుడు పదకొండని తన నోటితోనే అన్నానని చెప్పింది. ఆ గీత తనక్కూడా కనపడుతుందని, అది సుద్దలోని పలుకు గీసిన గీత అని చెప్పింది. ఇవన్నీ చెప్పడానికి ఆమెకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఎందుకు చేశావు అని ఆయన అడుగుతాడని, దానికి ఏం చెప్పాలా అని ఆమె ఏడాదిగా ఆలోచిస్తూ ఉంది. ఇరవై నాలుగేళ్ళు, భయం వేసింది, ఓవైన్ ముఖం చూడలేననిపించింది, నువ్వు నమ్మేశావు కాబట్టి తర్వాత నోరు రాలేదు. ఇలా ఎన్నో మాటలు వరసగా పెట్టుకుంది. ఆయన అడగలేదు.

చెంచా గిన్నెలో పెట్టాడు. గోడ గడియారం వైపు ఒకసారి చూశాడు. ఒక్కసారే. చేతి గడియారం చూసుకోలేదు. కళ్ళజోడు తీసి, కాడలు మడిచి, ఆ ఉత్తరం మీద పెట్టాడు. లేచాడు. తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని బూట్లు వేసుకున్నాడు, తాళ్ళు నిదానంగా బిగించుకున్నాడు. కోటు తొడుక్కున్నాడు. మేకుకు కారు తాళంచెవి వేలాడుతోంది. తన కళ్ళ మీద నమ్మకం పోయి ఏడాదిగా ఆయన దాన్ని ముట్టుకోలేదు. బ్యాటరీ పోకుండా వారానికోసారి మారెడే ఇంజను ఆడిస్తోంది. ఆయన తాళంచెవి తీసుకుని, అరచేతిలో ఒకసారి చూసుకుని, జేబులో వేసుకున్నాడు.

"నాన్నా," అంది మారెడ్.

ఆయన తలుపు తీశాడు. కొండ గాలి ఒక్కసారిగా లోపలికి కొట్టింది. ఉత్తరం అంచు లేచింది, కళ్ళజోడు బరువుకు ఆగింది. గాలి తలుపును ఆయన చేతిలోంచి లాక్కోబోయింది. మారెడ్ లోపల లెక్క మొదలైంది. ఒకటి, రెండు, మూడు.

ఆయన బయట నిలబడి, తలుపును రెండు చేతులతో పట్టుకుని, చప్పుడు కాకుండా మూసి వెళ్ళిపోయాడు.